ఏ మందు అని అడగలేదు

ఆ రికార్డింగుకి నాకు ముప్ఫైకి ఇరవై ఎనిమిది మార్కులొచ్చాయి. అప్పటిదాకా మా బ్యాచిలో ఎవరికీ అన్ని రాలేదు. ఆ సంతోషంలో నరసరావుపేట బస్టాండులో దిగి, అరకిలో మైసూరుపాకు కొనుక్కుని ఇంటికి వెళ్లాను. మా వాళ్లకు పెట్టి, పక్కింటి పిన్నిగారికి కూడా ఇచ్చాను. అది బుధవారం. సరిగ్గా అదే సాయంత్రం ఆ పిల్ల ఇంట్లో ఏం జరిగిందో తర్వాత తెలిశాక, ఆ మిఠాయి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను ప్రభుత్వ హైస్కూళ్లలో పిల్లలకు కౌన్సిలింగ్ చేస్తాను. బొల్లాపల్లి వైపు కొన్ని బడులు నావి, రోజుకొకటి చొప్పున తిరుగుతాను. చేరిన కొత్తలో కౌన్సిలర్ అనగానే నన్ను వినుకొండ మున్సిపాలిటీ కౌన్సిలరనుకున్నారు జనం. ఒక పెద్దాయన పింఛను కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకోవాలని బడి గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాడు. నాకు ఏ వార్డూ లేదని చెబితే, మరి ఇంత ఎండలో ఎందుకు తిరుగుతున్నావమ్మా అని జాలిపడ్డాడు.

శనివారాలు వెళ్లే బడిలో నాకు సైన్సు ల్యాబు పక్కన ఒక గది ఇచ్చారు. అందులో విరిగిన బెంచీలు, పాత మ్యాపులు, ఒక చెయ్యి లేని అస్థిపంజరం బొమ్మ ఉండేవి. పిల్లలు నా మొహం చూడలేక ఆ బొమ్మను చూస్తూ మాట్లాడేవారు. మొదట్లో దాన్ని తీసేయించాలనుకున్నాను, తర్వాత దానివల్ల నాకే ఉపయోగమని అర్థమై ఊరుకున్నాను.

రెండో ఏడు మాకు కొత్త శిక్షణ మొదలైంది. అప్పటిదాకా మేం చేసే పని, నిజం చెప్పాలంటే, మంచి మాటలు చెప్పి పంపడమే. ధైర్యంగా ఉండు, బాగా చదువుకో, అమ్మానాన్నల మాట విను. ఆ మాటలకి కౌన్సిలర్ అక్కర్లేదు, ఆ పని ఊళ్లో ప్రతివాళ్లూ చేస్తారు. పిల్లల భయానికీ దిగులుకీ పనిచేస్తాయని పరీక్షించి తేల్చిన పద్ధతులు వేరే ఉన్నాయి, అవి నేర్చుకోవాలి, నేర్చుకున్నామో లేదో ఇంకొకరు విని చెప్పాలి అన్నది కొత్త శిక్షణ. పిల్లలూ ఇంట్లోవాళ్లూ ఒప్పుకుంటే గదిలో మాటలు ఫోన్లో రికార్డు చేసి పంపేవాళ్లం. హైదరాబాదులో ఉండే ఒక సీనియర్ డాక్టరమ్మ వాటిని పూర్తిగా విని మార్కులు వేసేది. పదిహేను అంశాలు, ఒక్కోదానికి రెండేసి మార్కులు. ఈ రోజు ఏం మాట్లాడుకోవాలో పిల్లతో కలిసి నిర్ణయించారా, పిల్ల అనుకుంటున్నదానికి రుజువేంటో పిల్ల చేతే వెతికించారా, ఇంటి దగ్గర చేసే పని ఇచ్చారా, ఇలాంటివి.

మిగతావాళ్లకు ఆ మార్కుల కాగితమంటే భయం. నాకు మాత్రం మహా ఇష్టం. చిన్నప్పట్నుంచీ నాకు మార్కుల పిచ్చి. నాకు ఈ పని వచ్చు అని ఒకరు రాసిచ్చే కాగితం కోసం నేను ఎంత దూరమైనా వెళతాను.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. హెడ్మాస్టరుగారే నా దగ్గరికి పంపారు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి పరిగెత్తుతుంది, ఒక్కోరోజు తిరిగి రాదు. ఇల్లు బడికి పది నిమిషాల దూరం. అడిగితే కడుపునొప్పి అంటుంది. "అంతా యాక్టింగండీ, మీరన్నా భయం చెప్పండి" అన్నారాయన. నేను లోలోపల నవ్వుకున్నాను. భయం చెప్పడానికి కాదు, భయం తియ్యడానికి వచ్చానన్న పొగరు అది.

రెండు జడలు మడిచి కట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు బొమ్మనే చూసింది. నేను తొందరపెట్టలేదు. చివరికి అంది:

"మా నాన్న మందు తాగుతాడేమోనని బయమండీ."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న తాగేవాడు. మా ఇంట్లో మందు అన్న మాటకి ఒకటే అర్థం. తలనొప్పికి వేసుకునేది కూడా మా ఇంట్లో బిళ్ల, మందు కాదు. ఆ పిల్ల నోట ఆ మాట రాగానే నాకు మా పాత ఇంటి వీధి తలుపు చప్పుడు వినిపించింది. ఈ పిల్ల బాధ నాకు తెలుసు అనుకున్నాను. అక్కడితో నా చెవులు మూసుకుపోయాయి.

"రోజూ తాగుతాడా?" అన్నాను.

"లేదండీ. ఇంకా తాగలేదు."

"మరి తాగుతాడని ఎందుకనుకుంటున్నావు?"

"పోయిన నెల తాగబోతే అమ్మ గుంజుకుందండి. మిరప్పంట మొత్తం పోయిందిగా, అప్పట్నుంచీ ఎవురితో మాట్లాడడు."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఈ అలవాటు?"

అలవాటు అన్నప్పుడు ఆ పిల్ల నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు రికార్డింగులో పడదు కదా. "మా పెదనాన్న తాగాడండి" అంది.

"ఆయన ఇప్పుడెలా ఉన్నాడు?"

"లేడండి."

తాగి తాగి పోయాడనుకుని అయ్యో అన్నాను. మందు ఇంట్లోనే ఉంటుందా అని అడిగితే అటక మీద పెట్టాడంది. నువ్వు మధ్యాహ్నం ఇంటికెళ్లి ఏం చేస్తావని అడిగితే, "ఊరికే కూసుంటానండి. నేనుంటే తాగడు. నన్ను చూసి తాగడు" అంది.

ఆ ఒక్క మాట చాలు, నా శిక్షణ అంతా లేచి నిలబడింది. నేనుంటే నాన్న తాగడు: ఇది ఆ పిల్ల నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఇంటికి పరిగెడుతోంది. పరిగెత్తిన కొద్దీ నమ్మకం గట్టిపడుతోంది, భయం పెరుగుతోంది. ఆ పరుగు ఆపిస్తే భయం మొదట పెరిగి, తర్వాత తనంతట తనే తగ్గుతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎదురుగా కూర్చుంది. నేను తొణక్కుండా ఒక్కో మెట్టూ ఎక్కించాను. నాన్న తాగడం, తాగకపోవడం నీ చేతుల్లో లేదమ్మా, అది నీ బాధ్యత కాదు అని నెమ్మదిగా చెప్పాను. తండ్రి తాగే ఇంటి పిల్లకు ఆ మాట చెప్పడం తప్పు కాదు. నాకా వయసులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ పిల్ల "సరేనండీ" అంది.

ఇంటిపని ఇచ్చాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం ఇంటికి వెళ్లకూడదు. బడిలోనే భోంచెయ్యాలి. ఒంటిగంటకు భయం ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి కాగితం మీద రాయాలి. సంతకం పెట్టమంటే పెట్టింది. గుండ్రటి అక్షరాలు. సాయంత్రం బస్సులోనే ఆ రికార్డింగు హైదరాబాదుకు పంపాను. బుధవారానికి మార్కులొచ్చాయి. పిల్ల మాటల్లోనే పిల్ల బాధను అర్థం చేసుకున్నారు అన్న అంశానికి రెండుకి రెండు.

మళ్లీ శనివారం వెళ్లాను. ఆ పిల్ల ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. కాగితం ఇచ్చింది. సోమవారం పది, మంగళవారం పది, బుధవారం పది. గురువారం రెండు. శుక్రవారం రెండు.

నాకు ఎంత ఆనందం కలిగిందో దాచుకోను. అలా నిలువునా పడిపోయిన అంకెను నేను శిక్షణ వీడియోల్లో కూడా చూడలేదు. "ఎలా తగ్గింది చెప్పు, నువ్వే చెప్పాలి" అని ముందుకు వంగాను. పిల్ల తన గెలుపును తన నోటితో చెప్పుకోవాలి, దానికి కూడా రెండు మార్కులున్నాయి.

ఆ పిల్ల నోరు తెరిచేలోపు భోజనాలు వండే ఆవిడ నాకు టీ తీసుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"ఏందమ్మా, గదంతా మందు కంపు కొడతంది?"

నిజంగా చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు వెలగలేదు. పొద్దున్నే ఎవరు తాగొచ్చారా అని అటూ ఇటూ చూశాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి ఆ పిల్ల సంచీ మీద చెయ్యి వేసింది. పిల్ల సంచీని రెండు చేతులా పొట్టకు అదుముకుంది.

"ఏమే, పురుగుల మందు బడికి తెచ్చావటే? నీకేమన్నా బుద్దుందా?"

పిల్ల ఏడవలేదు. నా వైపే చూస్తూ, ఇచ్చిన పని ఎలా చేసిందో టీచరుకు వివరించినట్టు చెప్పింది: "బుదారం సాయంత్రం ఇంటికి పోయేసరికి మందు కిందకి దించి ఉందండి. మంచం కింద పెట్టుకున్నాడు. మీరేమో మధ్యాన్నం ఇంటికి పోవద్దన్నారుగా. అందుకని బేస్తవారం దీన్నే నాతోపాటు తెచ్చుకున్నా. నిన్న కూడా తెచ్చా."

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. తాగుతాడేమోనని, ఇంకా తాగలేదని, అమ్మ గుంజుకుందని, పెదనాన్న తాగాడని, ఆయన లేడని ఆ పిల్ల చెప్పిన ఒక్కో మాటా వెనక్కి వచ్చి దాని అసలు అర్థంతో నా ముందు నిలబడింది. పల్నాడులో పుట్టాను. పత్తి చేలకీ మిరప చేలకీ మందు కొట్టే ఊళ్ల మీదుగా రోజూ బస్సులో తిరుగుతాను. ఫలానా ఆయన మందు తాగాడంట అని బస్సులో అనుకుంటుంటే ఎన్నిసార్లు వినలేదు! నాకు తెలియని మాట కాదు. ఏ మందు అని ఒక్కసారి అడిగితే సరిపోయేది.

సీసా ఇవ్వమంటే ఆ పిల్ల ఇవ్వలేదు. "మీరు సాయంత్రం బస్సుకి ఎల్లిపోతారుగా" అంది. చివరికి హెడ్మాస్టరుగారు వచ్చి ల్యాబులో యాసిడ్లు పెట్టే ఇనప బీరువా తెరిచి చూపించారు. ఆ పిల్ల తన చేత్తోనే లోపల పెట్టి, తనే తాళం వేసి, తలుపు లాగి చూసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించాను. ప్రమాదం తెచ్చేదాన్ని మనిషికి అందకుండా చెయ్యడం అని మా శిక్షణలో ఒక రోజు పాఠం ఉంది. మాకు భోజనం పెట్టి, ఫైలు ఇచ్చి నేర్పారు. ఈ పిల్ల ఏ ఫైలూ చూడకుండానే ఆ పని చేసింది, అదీ నేను దాని కాళ్లు కట్టేశాక.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, మనిషిని ఒంటరిగా వదలొద్దు, సూటిగా అడగండి, సోమవారం దాకా ఆగొద్దు అంది. కోతకు వెళ్లిన తల్లిని పిలిపించాం. తల్లీ, పిల్లా, నేనూ నడిచి వెళ్లాం. ఆ పది నిమిషాల దారి నాకు చాలా పొడుగనిపించింది. ఈలోపే ఏమైనా జరిగి ఉంటే అన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు.

ఆయన రేకుల పంచలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉండవు. పిల్లను లోపలికి పంపాను. ఇలాంటప్పుడు డొంకతిరుగుడు పనికిరాదని, ఆ ప్రశ్న అడిగినందువల్ల మనిషికి లేని ఆలోచన పుట్టదని మాకు గట్టిగా నేర్పారు. రోల్ ప్లేలో ఎన్నోసార్లు అడిగాను. నిజం మనిషిని అడగడం అదే మొదటిసారి.

"అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తందా నీకు?"

మా శిక్షణ తెలుగులో ఆ ప్రశ్న ఇలా ఉండదు. ఆయన తలెత్తి నన్ను చూశాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అనిపిస్తందమ్మా" అన్నాడు. "చానా రోజుల్నించీ అనిపిస్తంది. ఎవురూ అడగలా."

ఆ సాయంత్రమే ఆటో మాట్లాడుకుని ఆయన్ని నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్లాం. మందులు మొదలుపెట్టారు. ఈ మాట రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది, బిళ్లలు అని రాయాలనిపిస్తోంది.

తర్వాతి వారం మా కౌన్సిలర్ల మీటింగులో ఆ రికార్డింగును నేనే అందరి ముందూ మళ్లీ వేయించాను. డాక్టరమ్మ మొత్తం వింది. "నేనూ తాగుడనే అనుకున్నానండీ" అంది. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. తిడుతుందని, తిడితే కొంచెం బరువు దిగుతుందని ఆశపడ్డాను. ఆమె తిట్టనందుకు నాకు కోపం వచ్చింది. పద్ధతి మీద మాత్రం నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. ఆ సూటి ప్రశ్న అడగడం నాకు నేర్పింది అదే. కాకపోతే ఇప్పుడు నేను పిల్లలు చెప్పే మాటను పట్టుకుని, నాకు తెలిసిన మాటైనా సరే, తెలియనిదానిలా అడుగుతాను. అదేంటమ్మా, ఎలా ఉంటుంది, ఏం చేస్తారు దాంతో అని. పిల్లలు నన్ను కొంచెం మొద్దనుకుంటారు. అనుకోనీ.

నెలన్నర తర్వాత ఆయన్ని ఆస్పత్రిలో చూపించే రోజు నేను కూడా వెళ్లాను. భార్యకు పని ఉండి రాలేదు. ఓపీ ముందు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. మొహం కాస్త తేరింది. గడ్డం గీయించుకున్నాడు. మాట కూడా కలుపుతున్నాడు. వినుకొండ బస్సుల గురించి, ఈ ఏడు మిరప మానేసి కంది వేసే సంగతి గురించి చెప్పాడు. తర్వాత చేతులు చూసుకుంటూ ఆ రోజు సంగతి ఎత్తాడు.

"ఆ బేస్తవారం మా ఆడమనిషి కోతకి, పిల్ల బడికి పోయినాక మంచం కింద చెయ్యి పెట్టానమ్మా. సీసా లేదు. అటక మీద ఎతికా. గోతాల ఎనకాల ఎతికా. మధ్యాన్నం దాకా ఎతికా. దొరకలా. ఎతికీ ఎతికీ అలిసిపోయి పడుకున్నా. నిద్ర పట్టింది. నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో."

ఆయనకు నిజం చెప్పకుండా ఆ బెంచీ మీద కూర్చోలేకపోయాను. "పిల్లని మధ్యాహ్నం ఇంటికి పోవద్దని చెప్పింది నేనేనన్నా" అన్నాను. "నాది తప్పు. నాకు మాట అర్థం కాలేదు."

"తెలుసమ్మా. పిల్ల చెప్పింది" అన్నాడు. కోపంగా అనలేదు. లోపల నర్సు ఆయన నంబరు పిలిచింది. లేచి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చాడు.

"నేను సీసా కోసం ఎతికానని మాత్రం దానికి చెప్పమాకండి. తెలిస్తే ఇంక బడికి పోదు."

చెప్పనని మాటిచ్చాను. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. మధ్యాహ్నాలు బడిలోనే భోంచేస్తుంది. శనివారాలు నాకు ఎదురొచ్చి, ఇంట్లో అంతా బాగుందని చెబుతుంది. ఆ గురువారం వాళ్ల నాన్న ప్రాణం నిలిపింది తనేనని ఆ పిల్లకు తెలియదు.